బొటనవేలితో తిప్పే మౌస్: కొన్న రోజు నుంచి అయిదేళ్ల దాకా ఎలా వాడుకోవాలి

తిరుపతి కొర్లగుంటలో మాది చిన్న డీటీపీ సెంటర్. నా టేబుల్ మీద కీబోర్డు, ప్రూఫుల కట్ట, పెళ్లిపత్రికల శాంపిల్ ఆల్బమ్‌లు పోగా మౌస్‌కు మిగిలేది జానెడు చోటు. ఆ జానెడులోనే పద్నాలుగేళ్లు మౌస్‌ను ఎత్తి పెడుతూ, మళ్లీ ఎత్తి పెడుతూ పనిచేశాను. ఫ్లెక్సీల్లో మనుషుల ఫొటోల చుట్టూ పెన్‌టూల్‌తో కటింగ్ చేయడం, పత్రికల్లో ఒత్తులను ఒక్కొక్కటే జరిపి సరైన చోట కూర్చోబెట్టడం, అంతా కుడిచేతి మీదే. ఒక మాఘమాసం సీజన్లో మణికట్టు పట్టేసింది. టీ గ్లాసు పట్టుకుంటే వేళ్లకు పట్టు చాలేది కాదు. డాక్టరుగారు చూసి కొన్నాళ్లు పట్టీ వేసుకోమన్నారు, మౌస్ వాడే పద్ధతి మార్చుకోకపోతే ఇది మళ్లీ వస్తుందని చెప్పారు. అప్పుడు కొన్నాను వైర్‌లెస్ ట్రాక్‌బాల్. అయిదేళ్లు దాటింది.

నన్ను చూసి మా పనిలోనే ఉన్న ఇంకో నలుగురు కొన్నారు. అందులో ఇద్దరు వారం తిరక్కుండానే దాన్ని డబ్బాలో పెట్టేసి పాత మౌస్ తీశారు. వాళ్లకు ఎవరైనా నాలుగు సంగతులు ముందే చెప్పి ఉంటే ఆ వేల రూపాయలు దండగ అయ్యేవి కావు. ఆ సంగతులే ఇక్కడ వరసగా చెబుతున్నాను.

ముందు అసలు అదేమిటో. మామూలు మౌస్‌లో మౌస్ మొత్తం కదులుతుంది. ఇందులో మౌస్ పెట్టిన చోటే ఉంటుంది, పైన ఉన్న బంతిని తిప్పితే తెరమీద బాణం కదులుతుంది. బంతి మీద సన్నటి చుక్కలుంటాయి. లోపలున్న సెన్సర్ ఆ చుక్కల కదలికను చూసి ఎటు తిప్పారో, ఎంత తిప్పారో కనిపెడుతుంది. ఇది కొత్త వింతేమీ కాదు. బ్రిటన్ నౌకాదళం కోసం రాల్ఫ్ బెంజమిన్ 1946లోనే దీన్ని తయారుచేశాడు. 1952లో కెనడా నౌకాదళం పనిలో అయితే బౌలింగ్ ఆట బంతినే పెట్టి తిప్పారు. మనం మౌస్ అనేదాన్ని డగ్లస్ ఎంగెల్‌బార్ట్ జనం ముందు చూపించింది 1968లో. అంటే వయసులో మౌస్ కంటే ట్రాక్‌బాలే పెద్దది.

మొదటి పని: నొప్పి ఎక్కడుందో చూసుకోండి

కొనే ముందు ఈ పని తప్పకుండా చేయండి. నొప్పి ఉన్న చోటును బట్టి ఏ రకం కొనాలో తేలుతుంది.

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతున్నాయా? రాత్రి నిద్రలో చెయ్యి విదిలించుకుంటూ లేస్తున్నారా? మణికట్టులోని ఇరుకు దారి గుండా వెళ్లే నరం ఒత్తుకుంటే ఇలా ఉంటుంది. చిటికెనవేలు వైపే తిమ్మిరైతే అది వేరే నరం, చాలాసార్లు మోచేతి దగ్గర టేబుల్ అంచు ఒత్తుకోవడం వల్ల వస్తుంది. దానికి మౌస్ మార్చడం కంటే ముందు మోచెయ్యి ఆనించే తీరు మార్చాలి.

ఇక బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి ఉంటే జాగ్రత్త. బొటనవేలిని లోపల పెట్టి పిడికిలి బిగించి, మణికట్టును మెల్లగా చిటికెనవేలి వైపు వంచి చూడండి. బొటనవేలి పక్కన చురుక్కుమని లాగితే ఆ వేలి స్నాయువులు వాచి ఉండొచ్చు. 1895లో స్విట్జర్లాండ్ సర్జన్ డి క్వెర్వేన్ వివరించిన జబ్బు అది, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఈ నొప్పి ఉన్నవాళ్లు బొటనవేలితో తిప్పే ట్రాక్‌బాల్ కొనొద్దు. పుండు మీద కారం చల్లుకున్నట్టే. వేళ్లతో తిప్పే రకం చూసుకోండి.

తిమ్మిరి పగలు కూడా పోకుండా ఉన్నా, వస్తువులు చేతిలోంచి జారిపోతున్నా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ట్రాక్‌బాల్ మందు కాదు. మణికట్టు మీద పడే భారాన్ని తగ్గించడమే దాని పని.

రెండో పని: చేతికి సరిపడేది కొనుక్కోండి

బొటనవేలి రకంలో మన దగ్గర ఎక్కువగా కనిపించేవి లాజిటెక్‌వి. 2017లో వచ్చిన ఎంఎక్స్ ఎర్గోకు అడుగున అయస్కాంతంతో అతుక్కునే లోహపు పలక ఉంటుంది. దాన్ని అటూ ఇటూ వంచితే మౌస్ చదునుగా అయినా ఉంటుంది, 20 డిగ్రీలు పక్కకు వాలి అయినా ఉంటుంది. వాలుగా పెట్టుకుంటే ముంజేయి బోర్లా పడిపోకుండా, కరచాలనానికి చాచినట్టు కొంచెం పక్కకు తిరిగి ఉంటుంది. మెలితిప్పినట్టుండే బాధ ఉన్నవాళ్లకు ఆ వాలు మేలు చేస్తుంది. చార్జింగ్ బ్యాటరీ లోపలే ఉంటుంది, ఒకసారి చార్జి చేస్తే నాలుగు నెలల దాకా వస్తుందని కంపెనీ లెక్క. 2024లో వచ్చిన ఎంఎక్స్ ఎర్గో ఎస్‌లో చార్జింగ్ టైప్-సికి మారింది, క్లిక్ శబ్దం తగ్గింది.

2020లో వచ్చిన ఎర్గో ఎం575 కొంచెం చవక. వాలు మార్చుకోవడం కుదరదు. ఒక్క పెన్సిల్ సెల్ వేస్తే, కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న రిసీవర్‌తో 24 నెలలు, బ్లూటూత్‌తో 20 నెలలు వస్తుందంటారు. సెల్ వేసే అరలోనే రిసీవర్ దాచుకునే చోటు ఉంది, ఊరెళ్లేటప్పుడు పోగొట్టుకోము.

వేళ్లతో తిప్పే రకంలో కెన్సింగ్టన్ ఎక్స్‌పర్ట్ మౌస్ పేరున్నది. దాని బంతి 55 మిల్లీమీటర్లు, బంతి చుట్టూ స్క్రోలింగ్ కోసం తిరిగే రింగు ఉంటుంది. రెండు వైపులా ఒకేలా ఉంటుంది గనుక ఎడమచేతివాటం వాళ్లకూ పనికొస్తుంది. బొటనవేలి రకం ఎక్కువగా కుడిచేతికే తయారవుతుంది. ఎడమచేతికి కావాలంటే ఎలెకామ్ కంపెనీవి వెతకండి.

కుదిరితే కొనేముందు ఎవరి దగ్గరైనా ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. అరచెయ్యి మౌస్ మీద వాలినప్పుడు బొటనవేలి కొస బంతి నడినెత్తి మీదికి దానంతటదే రావాలి. వేలు సాగదీసి అందుకోవాల్సి వస్తే అది మీ చేతికి పెద్దది. చిన్న చేతులున్న ఆడవాళ్లు ఇది మరీ గమనించాలి.

మూడో పని: ఆషాఢంలో మొదలుపెట్టండి

మా పనిలో ఉన్నవాళ్లకు ఈ ఒక్క మాట బాగా గుర్తుండాలి. డబ్బా విప్పిన వెంటనే సీజన్ పనిలోకి దిగొద్దు. ముహూర్తాలున్న రోజుల్లో కౌంటర్ ముందు నలుగురు నిలబడి "అన్నా, నా పత్రిక అయిపోయిందా, బండికి టైమవుతోంది" అంటుంటే కొత్త వస్తువు మీద చెయ్యి కుదరదు, టెన్షన్ తప్ప. మానేసిన ఆ ఇద్దరూ కొన్నది శ్రావణంలో. నేను కొన్నది మూఢం రోజుల్లో. పెళ్లిళ్లు లేవు, పని పలచగా ఉంది, తప్పులు చేయడానికి తీరిక దొరికింది. మీ పని ఏదైనా సరే, ఆఫీసులో ఇయర్ ఎండింగ్, కాలేజీలో పరీక్షలు లాంటివి లేని రోజులు చూసుకుని మొదలుపెట్టండి.

మొదటి మూడు రోజులు బాణం ఎక్కడికో పోతుంది. మూసేసే గుర్తు మీద క్లిక్ చేయబోతే పక్కది నొక్కుకుంటుంది. వారానికి మామూలు పనులు సాగుతాయి. సన్నటి పని, అంటే ఫొటో కటింగ్ లాంటిది, పాత వేగానికి రావడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. మిగతా టైమ్ పాత మౌస్‌ను ఎడమచేత్తో వాడండి. రెండు మౌస్‌లూ ఒకేసారి తగిలించుకోవచ్చు, కంప్యూటర్‌కు ఏ ఇబ్బందీ లేదు.

నాలుగో పని: సెట్టింగులు

విండోస్‌లో మౌస్ సెట్టింగుల్లోకి వెళ్లి పాయింటర్ వేగం మొదట తక్కువగా పెట్టండి. చాలామంది ఎక్కువ వేగం పెట్టి, బాణం ఆగడం లేదని విసుక్కుంటారు. ఒక వారం అయ్యాక మెల్లగా పెంచండి. నా గుర్తు ఇది: బొటనవేలిని ఒకసారి పూర్తిగా జరిపితే బాణం తెరలో సగం దాటాలి, రెండుసార్లకు ఈ కొస నుంచి ఆ కొసకు చేరాలి. మూడు నాలుగు సార్లు తోయాల్సి వస్తే వేలు అలిసిపోతుంది, వేగం పెంచండి.

"ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" అనే టిక్కు ఒకటుంటుంది. అది ఉంటే మెల్లగా తిప్పినప్పుడు బాణం తక్కువగా, జోరుగా తిప్పినప్పుడు ఎక్కువగా కదులుతుంది. మామూలు మౌస్‌కు దాన్ని తీసేయమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ట్రాక్‌బాల్‌కు నేను ఉంచమనే చెబుతాను. పెద్ద తెర దాటడానికి ఒక్క విసురు చాలు, ఒత్తు దగ్గరికి వచ్చాక వెంట్రుకవాసి కదిలించొచ్చు.

పక్కనున్న రెండు బటన్లు మామూలుగా బ్రౌజర్‌లో వెనక్కీ ముందుకూ వెళ్లడానికి ఉంటాయి. కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో వాటిని కాపీ, పేస్ట్‌గా మార్చుకున్నాను. ఫొటోషాప్ తెరిచి ఉన్నప్పుడు మాత్రం అవి జూమ్ అయ్యేలా విడిగా పెట్టుకున్నాను. ఎంఎక్స్ ఎర్గోలో బంతి పక్కన ఒక చిన్న బటన్ ఉంటుంది, నొక్కితే బాణం నెమ్మదిస్తుంది, కటింగ్ పనిలో ఉన్నవాళ్లకు అది బాగా పనికొస్తుంది.

ఇంకొకటి, క్లిక్‌లాక్. విండోస్‌లో పాతకాలం నుంచీ ఉన్న "మౌస్ ప్రాపర్టీస్" కిటికీలో ఉంటుంది. ఇది పెట్టుకుంటే ఎడమ బటన్‌ను ఒక్క క్షణం నొక్కి ఉంచి వదిలేయొచ్చు, నొక్కి ఉన్నట్టే లెక్క. ఆపైన బంతి తిప్పుతూ వస్తువును లాక్కెళ్లి, చివర్లో ఒకసారి క్లిక్ చేస్తే వదులుతుంది. ట్రాక్‌బాల్‌తో అన్నిటికంటే కష్టం లాగడమే. చూపుడువేలు బిగపట్టి బొటనవేలు వదులుగా తిప్పడం చేతికి అంత తొందరగా రాదు. క్లిక్‌లాక్ ఆ బాధ తీరుస్తుంది.

అయిదో పని: తోయొద్దు, నిమరండి

చెయ్యి పెట్టే తీరు చూద్దాం. ముంజేయి టేబుల్ మీద వాలాలి, మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉండాలి. మణికట్టు పైకి విరగకూడదు. కుర్చీ పొట్టిగా ఉంటే విరుగుతుంది, అలాంటప్పుడు కింద ఒక దిండు వేసుకుని ఎత్తు పెంచండి. ట్రాక్‌బాల్ కదలదు గనుక దాన్ని ఎక్కడైనా పెట్టుకోవచ్చు. నేను కీబోర్డుకు ఆనించి పెడతాను, భుజం బయటికి చాచే పని తప్పింది. నా భుజం నొప్పి తగ్గింది దీనివల్లే అని గట్టిగా నమ్ముతాను.

కొత్తలో అందరూ బొటనవేలిని కొక్కెంలా వంచి గోటి దగ్గరి కొసతో బంతిని తోస్తారు. అలా తోస్తే పది రోజుల్లో బొటనవేలి మొదలు నొప్పి పుడుతుంది. వేలిని చాపి, వేలిముద్ర వేసే మెత్తటి భాగాన్ని బంతి మీద ఆనించండి. చంటిపిల్లల బుగ్గ మీద వేలు జరిపినంత తేలిగ్గా జరపండి. బంతి నిజంగా అంత తేలిగ్గా తిరుగుతుంది. తిరగడం లేదంటే మురికి పట్టిందని అర్థం, బలం పెట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. దూరం పోవాలంటే ఒక్కసారి విసిరి వదిలేయండి.

పెన్‌టూల్ కటింగ్‌కు ఇది మౌస్ కంటే బాగుంటుందని చెబితే మావాళ్లు మొదట నమ్మలేదు. మౌస్‌తో క్లిక్ చేసేటప్పుడు ఆ నొక్కుడుకే మౌస్ పిసరంత జరుగుతుంది, పాయింటు చెవి అంచు మీద పడాల్సింది వెంట్రుకల్లో పడుతుంది. ట్రాక్‌బాల్‌లో తిప్పేది ఒక వేలు, నొక్కేది ఇంకో వేలు. బాణం పెట్టిన చోట రాయిలా ఉంటుంది. కానీ బ్రష్‌తో గీయడం, సంతకంలాంటి వంపులు తిప్పడం దీనితో కుదరదు. దానికి పెన్ టాబ్లెట్టే కావాలి.

ఆరో పని: శుభ్రం

వీటన్నిటిలో ఇదే ముఖ్యం. ట్రాక్‌బాల్ పాడైందని నా దగ్గరికి తెచ్చినవాటిలో ఎక్కువ భాగం మురికి పట్టినవే.

కింద ఒక గుండ్రటి రంధ్రం ఉంటుంది, పలక ఉన్న మోడల్ అయితే పలక తీశాక కనిపిస్తుంది. పెన్సిల్ వెనక కొసతో అందులోంచి నెట్టండి, బంతి టక్కున బయటికి వస్తుంది. కింద గుడ్డ పరుచుకోండి, నున్నటి గచ్చు మీద పడితే ఎక్కడికో దొర్లిపోతుంది. ఇప్పుడు ఖాళీ గుంటలోకి సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి. గుంట అంచున మూడు చోట్ల ఆవగింజంత గుండ్రటి బుడిపెలుంటాయి. బంతి మొత్తం ఆ మూడింటి మీదే కూర్చుంటుంది. వాటి చుట్టూ బూడిదరంగులో చిన్న చుట్టలా మురికి పేరుకుని ఉంటుంది. చర్మం పొట్టు, చెమట, నూగు కలిసిన ముద్ద అది. పొడి ఇయర్‌బడ్‌తో మూడింటినీ తుడవండి. గట్టిపడితే అగ్గిపుల్ల కొసతో మెల్లగా కదిలించండి, సూది, బ్లేడు వాడొద్దు. సెన్సర్ ఉన్న చిన్న కన్నం మీద నూగు పడితే ఊదండి. బంతిని మెత్తటి నూలుగుడ్డతో తుడిచి మళ్లీ వేయండి, అంతే. రెండు నిమిషాల పని.

మామూలు రోజుల్లో వారానికోసారి చాలు. ఏప్రిల్, మే నెలల్లో చేతులకు చెమట, రోడ్డు దుమ్ము రెండూ తోడైతే నేను మూడు రోజులకోసారి తీస్తాను. కొండకు వెళ్లొచ్చిన కస్టమర్లు లడ్డూ చేతిలో పెడతారు. తిన్న చేత్తో బంతి ముట్టుకోవద్దు, నెయ్యి బుడిపెల మీదికి చేరితే దుమ్మును జిగురులా పట్టుకుంటుంది. ఒక ఆయుధపూజకు మా అసిస్టెంట్ అబ్బాయి భక్తిగా సిస్టమ్‌కు, ప్రింటర్‌కు, అలాగే ట్రాక్‌బాల్ బంతి మీద కూడా పసుపు కుంకుమ పెట్టాడు. మర్నాడు బాణం ఎడమవైపు వెళ్లడం మానేసింది. తీసి చూస్తే మూడు బుడిపెలూ ఎర్రగా ఉన్నాయి. అప్పటి నుంచి బొట్టు అరచెయ్యి ఆనే ప్లాస్టిక్ మీద పెడుతున్నాం.

ఒక చిన్న కిటుకు. సబ్బుతో కడిగి ఆరబెట్టిన బంతి మొదట కొంచెం పట్టేసినట్టు తిరుగుతుంది. కంగారు పడొద్దు. రెండు అరచేతుల మధ్య అరనిమిషం దొర్లించండి. చర్మంలో ఉండే సహజమైన జిడ్డు సన్నటి పొరలా అంటుకుని మళ్లీ నున్నగా తిరుగుతుంది. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె మాత్రం పొరపాటున కూడా వేయకండి.

ఏడో పని: వైర్‌లెస్ ఇబ్బందులు

బాణం ఉన్నట్టుండి ఎగిరెగిరి పడుతోందా? శుభ్రం చేసినా తగ్గలేదా? రిసీవర్ పక్క పోర్టులో ఏముందో చూడండి. రిసీవర్ పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు పనిచేసేటప్పుడు అదే పరిధిలో రొద పుట్టిస్తాయి. ఇంటెల్ 2012లోనే దీని గురించి వివరంగా రాసింది. మాకు ఫ్లెక్స్ ఫైళ్లు పెద్దవి, హార్డ్‌డిస్కులో కాపీ అవుతున్నంతసేపూ బాణం నత్తలా నడిచేది. అరమీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి రిసీవర్‌ను టేబుల్ మీదికి లాగాను, పోయింది.

బ్లూటూత్, రిసీవర్ రెండూ ఉన్న మోడల్ అయితే ఇంటి ల్యాప్‌టాప్‌కు బ్లూటూత్, షాపు సిస్టమ్‌కు రిసీవర్ పెట్టుకోండి. విండోస్ మళ్లీ వేయాల్సి వచ్చినప్పుడు రిసీవర్ మొదటి నుంచీ పనిచేస్తుంది, బ్లూటూత్ పనిచేయకపోవచ్చు. డ్రాయర్లో ఒక కొత్త పెన్సిల్ సెల్ ఎప్పుడూ ఉంచండి.

ఏళ్ల తరబడి వాడాక

మూడో ఏడు చివర్లో నా మొదటి ట్రాక్‌బాల్‌కు ఎడమ బటన్ జబ్బు చేసింది. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు ఫైళ్లు తెరుచుకునేవి. లోపలి స్విచ్‌లో రేకు అరిగితే ఏ కంపెనీ మౌస్‌కైనా ఇలా రావచ్చు. వారంటీలో ఉంటే మార్చి ఇస్తారు గనుక బిల్లు ఫొటో తీసి దాచుకోండి, కాగితం బిల్లుల మీద అచ్చు ఏడాదికే మాసిపోతుంది. వారంటీ దాటితే సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్లు స్విచ్ తీసి కొత్తది అతుకుతారు. నాది అలాగే బాగైంది, ఇంకో ఏడాదిన్నర నడిచింది.

మణికట్టు సంగతి చెప్పాలి కదా. తిమ్మిరి రెండు నెలల్లో తగ్గింది. ఆరో నెలలో బొటనవేలు మొరాయించింది, పెళ్లిళ్ల సీజన్లో పన్నెండేసి గంటలు కూర్చున్న రోజుల్లో. అప్పుడు నేర్చుకున్నది ఇప్పటికీ పాటిస్తున్నాను. పొద్దున డిజైనింగ్ అంతా ట్రాక్‌బాల్‌తో. మధ్యాహ్నం మెయిళ్లు, ప్రింట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు ఎడమచేత్తో మామూలు మౌస్‌తో. స్క్రోలింగ్‌కు వీలైనంత వరకు కీబోర్డు బాణాలు. గంటకోసారి లేచి చేతులు కిందికి వేలాడదీసి వేళ్లు విప్పి మూయడం. రాత్రి బొటనవేలి మొదలు వేడిగా అనిపిస్తే మర్నాడు ట్రాక్‌బాల్‌కు పూర్తిగా సెలవు.

పాతది పూర్తిగా పోయాక పారేయకండి. బొటనవేలి మోడళ్లలో చాలావాటికి బంతి 34 మిల్లీమీటర్లే, ఒకదానిది ఇంకోదానికి సరిపోతుంది. నా పాతదాని బంతి డ్రాయర్లో చిన్న కుంకుమ డబ్బాలో ఉంది. కొత్తదాని బంతిని కడిగి కిటికీలో ఆరబెట్టినప్పుడు దాన్ని వేసి పని సాగిస్తాను.